ఒకే ముహూర్తానికి పదకొండిళ్ళు

పని ఒప్పుకోవడం నాకు ఎవరూ నేర్పలేదు, దానంతట అదే వచ్చింది. పని కాదనడం మాత్రం యాభై దాటాక వచ్చింది, అదీ ఒక పెళ్ళిపందిరి బయట నిలబడి ఊరందరి ముందు పరువు పోగొట్టుకున్నాక. చేతిపని మీద బతుకుదామనుకునే పిల్లలు, జాకెట్లకు పూలు కుట్టేవాళ్ళు, కేకుల మీద పేర్లు రాసేవాళ్ళు, ఫోన్లలో బొమ్మలు గీసేవాళ్ళు వింటారని చెబుతున్నాను. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. నడుమ నడుమ "గదంత రాయొద్దమ్మా" అంటోంది. రాయమనే అన్నాను.

మాది కోస్గి దగ్గర కుమ్మరి ఇల్లు. మా దిక్కు పెళ్ళంటే ఐరేని కుండలు ఉండాలి. అవి అంగట్లో కొనుక్కుపోయేవి కావు. ముందురోజు పెళ్ళివారు డప్పులతో మా ఇంటికి వచ్చి, బియ్యం పోసి, చీర పెట్టి, రంగులు వేసిన కుండలను నెత్తిన పెట్టుకుని తీసుకుపోతారు. పందిట్లో వాటిని వరసగా నిలిపి, వాటి ముందు పెళ్ళి చేస్తారు. సారె తిప్పి కుండ చేసేది మగవాళ్ళు. దానికి సున్నం పూసి, ఎర్రజాజుతో, పసుపుతో, నీలంతో గీతలు గీసేది ఆడవాళ్ళు. మా అత్త చేతి గీత నా చేతికి వచ్చింది.

మా ఇంటాయన పోయాక ఏడాది పాటు నా కుంచె చూరులోనే ఉండిపోయింది. భర్త లేనిది పెళ్ళికుండ ముట్టకూడదన్నారు. నా తోటికోడలు, అంటే మా మరిది భార్య, గీయడం మొదలుపెట్టింది. మట్టి తొక్కమంటే ఎద్దులాగ తొక్కుతుంది గానీ కుంచె ఇస్తే కోడి గీరినట్టే. ఒకరోజు పక్క ఊరి ముసలమ్మ మనవరాలి పెళ్ళికి కుండలు చూసుకోవడానికి వచ్చి, వాటిని అటూ ఇటూ తిప్పింది.

"ఇవేం గీతలే? కుండకు గజ్జి లేసినట్టున్నది. పెద్దామె ఏది?" అంది.

"ఆమె ముట్టొద్దు గదా అవ్వా," అంది నా తోటికోడలు.

"ఎందుకు ముట్టొద్దు? ఆమె మొగడు సచ్చిండని కుండకు ఎరుకనా? నువ్వు జెప్పినవా దానికి?"

నవ్వు ఆగక నేను లోపలి నుంచి బయటికి వచ్చేశాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక ఏర్పాటు. గీతలు నావి. పసుపు కుంకుమ పెట్టి డప్పుల ముందు అందించేది నా తోటికోడలు. నేను తలుపు వెనక నిలబడేదాన్ని. అందులో నాకు బాధేమీ లేదు. నా గీతలు ఎవరి నెత్తిమీదనో ఎక్కి బజారున పోతుంటే ఆ రోజుకు అంతే చాలనిపించేది.

తెలంగాణ వచ్చాక జనానికి మన పద్ధతుల మీద మోజు పెరిగింది. స్టీలు బిందెలకు రంగుకాగితం అంటించి సరిపెట్టుకునే ఇళ్ళు కూడా మట్టికుండలే కావాలన్నాయి. నారాయణపేటలో ఒక పెళ్ళి ఫోటోలో నా కుండలు చూసి, పాలమూరు నుంచి డెకరేషన్ చేసే అబ్బాయి ఒకడు వెతుక్కుంటూ వచ్చాడు. ఫంక్షన్ హాలు గుమ్మానికి నెమళ్ళు వేసిన కుండలు కావాలట, జనం నిలబడి ఫోటోలు దిగడానికి కుండల గోడ కావాలట. నాకు నెమలి గీయడం రాదు. వస్తుందన్నాను. మొదటి నెమలి అచ్చం బాతులాగ వచ్చింది. ఆ అబ్బాయి అది కొత్త డిజైన్ అనుకుని మెచ్చుకున్నాడు.

నా నోట "కాదు" అనే మాట వచ్చేది కాదు. డబ్బు ఆశ లేదని అనను, ఉంది. కానీ అదొక్కటే కాదు. మా ఇంటాయన పోయాక ఎవరి ఇంట్లో శుభకార్యం జరిగినా నన్ను పిలవడం మానేశారు. పిలిస్తే నిజంగానే వస్తానేమోనని వాళ్ళ భయం. అలాంటిది ఇప్పుడు ఫోను మోగితే అవతల పెళ్ళివారే. "పెద్దమ్మా, నీ చెయ్యే పడాలె" అంటారు. ఆ మాట వింటే కడుపు నిండినట్టు ఉండేది. ఎలా కాదంటాను? మరీ కుదరదనిపించినప్పుడు "చూద్దాం బిడ్డా" అనేదాన్ని. నా లెక్కలో అది కాదన్నట్టు. వాళ్ళ లెక్కలో ఔనన్నట్టు. పోయి డప్పులవాళ్ళను మాట్లాడుకునేవాళ్ళు.

రాత రాదు కాబట్టి గోడే నా పుస్తకం. ముహూర్తానికి ఒక నిలువు గీత, దాని పక్కన ఇంటికొక జాజుచుక్క. ఒక మాఘమాసం ముందర నా తోటికోడలు ఆ గోడ ముందు నిలబడి నోరు తెరిచింది.

"అక్కా, గోడకు అమ్మోరు పోసినట్టున్నది గదా! ఒక్క ముహూర్తానికి ఎన్నిండ్లు ఒప్పుకున్నవు?"

"పది."

"పదకొండు. నేను ఎంచిన."

"అండ్ల ఒకటి చూద్దామన్న అంతే."

"ఏం చూసుడు? ఆళ్ళు పత్రికలు గూడ పంచిన్రు."

పదకొండిళ్ళు కాక అదే రోజుకు పాలమూరు హాలు నెమళ్ళు. మా మరిది బట్టీ దగ్గర నుంచి వచ్చి నెత్తి పట్టుకున్నాడు.

"వదినె, నేను చేసిన కుండలు ఆరిండ్లకే సరిపోతయి. కడమోళ్ళకు కాదని జెప్పు."

"మా తమ్ముడు పంపుతడు తియ్యి."

"కట్టంగూర్ నుంచా? తొవ్వల పలగవా?"

"గడ్డి పెట్టి పంపుతడు. నీకెందుకు ఫికరు?"

మా పుట్టిల్లు కట్టంగూర్ పక్కన. మా తమ్ముడిదీ ఇదే పని. వాడు అడిగినన్ని కుండలు డీసీఎం లారీలో వరిగడ్డి కుక్కి పంపాడు. పొద్దున బయల్దేరిన బండి చీకటి పడే వేళకు చేరింది.

ఇక్కడ పనికి సంబంధించిన ఒక ముక్క చెప్పాలి. పెళ్ళికుండను మేము రెండుసార్లు తట్టి చూస్తాం. సున్నం పూయకముందు ఒకసారి, ఇంటి గడప దాటించే ముందు ఒకసారి. వేలి గెణుపుతో కొడితే మంచి కుండ గణ్‌మంటుంది. వెంట్రుకంత పగులున్నా సరే, బొద్దుగా, జలుబు చేసినవాడి గొంతులాగ పలుకుతుంది. సున్నం పూశామంటే పగులు కంటికి కనబడదు కాబట్టి చెవినే నమ్ముకోవాలి. ఇది మా ఇంటాయన నాకు నేర్పిన మొదటి పాఠం. ఆయన అన్నం తింటూ కూడా కుండ చప్పుడు విని "అది పక్కకు పెట్టు" అనేవాడు.

తమ్ముడు తట్టే పంపి ఉంటాడు కదా అని నేను మొదటిసారి తట్టలేదు. వాడు తట్టే పంపాడు పాపం. కానీ నడుమ దూరమంతా గుంతల రోడ్డు. రెండోసారి తట్టాల్సిన వేళకు గుమ్మం ముందు ఒక ఇంటివాళ్ళ డప్పు మోగుతోంది, వాళ్ళ వెనక ఇంకో ఇంటివాళ్ళు నిలబడ్డారు. నా రంగులు ఇంకా తడిగా ఉన్నాయి. తడితే వేలిముద్ర పడుతుంది. తట్టలేదు. నా తోటికోడలు బొట్లు పెట్టి అందించేసింది. అలా తట్టని కుండలు అయిదిళ్ళకు వెళ్ళాయి.

మరునాడు పొద్దున నేను ఆఖరి నెమళ్ళ మీద ఉన్నాను. డెకరేషన్ అబ్బాయి బండి గుమ్మం ముందు పెట్టుకుని కాచుకున్నాడు. నా తోటికోడలు పెళ్ళికి వెళ్ళింది, ఆ అయిదిళ్ళలో ఒకటి ఆమె పుట్టింటి ఊళ్ళోదే. అక్కడి నుంచి ఫోను చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అక్కా, పెద్దకుండ పలిగింది."

"ఎట్ల?"

"పిల్లతోని దాంట్ల నీళ్ళు పోపించుడు ఈళ్ళ ఇంటి ఆనవాయితంట. పోస్తుంటెనే రెండు చెక్కలైంది. పిలగాని మేనత్త లేసి, పిల్ల చెయ్యి మంచిది కాదు, తాళి ఆపుండ్రి, పంతులును మల్ల అడగాలె అంటాంది. పిల్ల ఒక్కతీరు ఏడుస్తాంది."

"నేనొస్తున్న."

"ఒద్దక్కా! బొట్టులేనామె కుండలు గీసిందని అదిగూడ ఎత్తుకుంటరు. రాకు."

రెండు చెక్కలు అనగానే నాకు తెలిసిపోయింది. మంచి కుండ కిందపడితే ముక్కలు ముక్కలవుతుంది గానీ చెంబెడు నీళ్ళకు రెండుగా విడిపోదు. అది ముందే పగిలి నా ఇంటికి వచ్చింది. నేను సున్నం పూసి, పైన పూలు గీసి పంపాను.

ఆ పిల్ల గురించి ఆలోచించాను. 'చెయ్యి మంచిది కాదు' అనే మాట ఒకసారి అంటుకుంటే ఏ సబ్బుకూ పోదు. పెళ్ళి ఆగినా అది ఉంటుంది, జరిగినా ఉంటుంది. అత్తింట్లో పాలు విరిగితే ఆమె వల్లే, బర్రె చూడి నిలవకపోతే ఆమె వల్లే. ఆ మాట పడి బతకడం ఎలా ఉంటుందో నాకు వేరేవాళ్ళు చెప్పనక్కర్లేదు.

కుంచె కింద పెట్టేశాను.

"ఏమైందమ్మా? ఇంక పన్నెండు కుండలే ఉన్నయి," అన్నాడు డెకరేషన్ అబ్బాయి.

"నాతోని కాదు కొడకా."

"అంటే? పగటియాల్లకు అయితయా?"

"ఇయ్యాల కాదు. రేపు కాదు. నాతోని కానే కాదు. అయినకాడికి తీస్కపో."

నన్ను ఎన్నడూ చూడనట్టు చూశాడు. "కనీసం చూద్దామనన్న అనమ్మా!" అని బతిమాలాడు. నాకు జాలేసింది, కానీ అనలేదు. మరిది చేసిన కుండల్లో రంగు వేయనిది ఒకటి తీసి, తట్టి, చెవి పెట్టి విని, ఒళ్ళో పెట్టుకున్నాను. ఒక సీసాలో సున్నం, ఒక డబ్బాలో జాజు. మరిది బండి వెనక కూర్చున్నాను.

ఆ పందిరి దగ్గర సద్దు లేదు. డప్పులవాళ్ళు బీడీలు తాగుతున్నారు. లోపల పంతులు వాచీ చూసుకుంటున్నాడు. పెళ్ళికూతురు తలవంచుకుని కూర్చుంది, కొంగు తడిగా ఉంది. నేను పందిరి గుంజ దగ్గర, బయటే ఆగాను. నా గొంతు చిన్నప్పటి నుంచీ మోటుది, బట్టీ పొగకు ఇంకా గరుకెక్కింది. దానికి సిగ్గుపడేదాన్ని. ఆ రోజు అదే అక్కరకు వచ్చింది.

"ఆ కుండ నాది! పలిగింది పిల్ల చేతిల కాదు, నా ఇంట్ల!" అన్నాను.

పందిరంతా నా వైపు తిరిగింది. మేనత్త లేచింది. పట్టుచీర, చేతినిండా గాజులు, కోపం మీదున్న మనిషి.

"నువ్వెవరు? పెండ్లి పందిట్లకు గిట్లనే వస్తవా?"

"పందిట్లకు రాలేదమ్మా, బయటనే నిలవడ్డ. ఆ పెంకులు జర తెప్పియ్యుండ్రి. చూపిచ్చి పోత."

ఎవరూ కదలలేదు. నా తోటికోడలే వెళ్ళి పెంకులు కొంగులో వేసుకుని తెచ్చింది. రెండు చెక్కలనూ అంచుల దగ్గర చూశాను. అనుకున్నట్టే ఉంది. అంచు సగం దాకా ఎర్రగా, అప్పుడే విరిగిన ఇటుకలాగ ఉంది. మిగిలిన సగం తెల్లగా ఉంది. నేను పూసిన సున్నం పగులులోకి దిగి లోపలే ఎండిపోయింది.

"ఈడ చూడుండ్రి. ఇది ఇయ్యాల పలిగితే అంచుకు సున్నం ఎట్లొచ్చింది? నేను సున్నం పూసిననాడే పలిగి ఉన్నది. పిల్ల దాన్ని చూడకముందే."

మేనత్త నమ్మలేదు. "నీ కుండ నువ్వు ఎట్లనన్న చెప్తవు," అంది. అదీ నిజమే. అప్పుడు టెంటు సాయిబు అని అందరూ పిలిచే పెద్దాయన, ఆ పందిరి వేసినాయనే, ముందుకు వచ్చాడు. వయసులో ఉండగా ఇళ్ళకు సున్నాలు వేసేవాడట. పెంకును వెలుతురుకు పట్టుకున్నాడు, గోటితో గీరాడు, నాలుక మీద కూడా పెట్టి చూశాడు.

"సున్నం గూర్చి నాకు జెప్పకుండ్రి. ఇది లోపట్కి ఇంకి ఎండింది. తక్కువల తక్కువ రెండు దినాలైతది. పిల్లను ఊకె తిడుతున్నరమ్మా," అన్నాడు.

పెంకు చేతులు మారుతూ లోపలికి వెళ్ళింది. పెళ్ళికొడుకు తండ్రి చూశాడు, పంతులు చూశాడు, ఆఖరికి మేనత్త చేతికి వచ్చింది. ఆమె చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

"పలిగిన కుండ పెండ్లికెట్లిచ్చినవు మరి?"

"తట్టి చూడలేదమ్మా. ఒక్క ముహూర్తానికి పదకొండిండ్లు ఒప్పుకున్న. అందరు పిలుస్తున్నరని మురిసిపోయిన. తట్టెతందుకు తీరలేదు."

"అయితే నీ చెయ్యి మంచిది కాదన్నట్టు."

"ఔనమ్మా. నాదే. పిల్లది కాదు."

మేనత్త నా ముఖం వైపు చూసింది, నా నుదుటి వైపు చూసింది, ఇంకేదో అనబోయి ఆపుకుంది. లోపలి నుంచి పెళ్ళికొడుకు, "అత్తా, కుండ సంగతి తేలింది. ఇగ ముహూర్తం పలగకముందే కానియ్యుండ్రి" అన్నాడు. ముందు పిల్లలు నవ్వారు. తర్వాత పెద్దవాళ్ళు నవ్వారు. మేనత్త నవ్వలేదు గానీ వచ్చి పెళ్ళికూతురి తడికొంగు తనే పిండింది.

నేను తెచ్చిన కుండను అందరికీ వినబడేలా తట్టాను. రంగుల్లేవు కదా అని పిల్ల తల్లి బెంగపడింది. పందిరి బయటే చతికిలబడి, కుంచె మరిచిపోయి వచ్చానని అప్పుడు చూసుకుని, వేళ్ళతోనే గీశాను. సున్నం ఆరకముందే జాజు వేశాను కాబట్టి గీతలు కొంచెం చెదిరాయి. నా జన్మలో గీసిన వాటిలో అంత వంకర కుండ లేదు. దాని ముందే తాళి కట్టారు.

అక్కడి నుంచే మిగిలిన నాలుగిళ్ళకు ఫోను చేసి, కుండలు తట్టి చూడమని, చప్పుడు ఎలా ఉండాలో చెప్పాను. ఒక ఇంట్లో ఒక కుండ బొద్దుగా పలికింది. మరిది ఇంకో కుండ మోసుకుపోయి మార్చి వచ్చాడు. తిట్లు తినాల్సిన చోట తిన్నాను. పాలమూరు అబ్బాయి మళ్ళీ రాలేదు. ఆ ఎండాకాలమంతా ఫోను పెద్దగా మోగలేదు కూడా. భయపడలేదంటే అబద్ధం.

తర్వాత మెల్లగా మళ్ళీ పిలవడం మొదలుపెట్టారు. ఈసారి ముహూర్తానికి మూడిళ్ళు, అంతే. నాలుగో చుక్క పెట్టడానికి కుదరకుండా గోడ మీద గడి గీసుకున్నాను. కాదనడం మొదట్లో చేతకాలేదు. ఇన్నేళ్ళు ఆపుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చినట్టు గట్టిగా అరిచేదాన్ని. "కుండలియ్యకపోతె ఇయ్యకపోతివి, కొట్టెటట్టున్నవేందమ్మా?" అని ఒకాయన లేచిపోయాడు. తర్వాత నాకొక ఉపాయం దొరికింది. ముందు కాదని చెప్పాలి, ఆ తర్వాత చాయ్ పొయ్యాలి. ముందు చాయ్ పోస్తే ఆ చాయ్‌తోపాటు నా 'కాదు' కూడా కడుపులోకి జారిపోయేది. ఇంకో కుమ్మరి ఇల్లు ఎక్కడుందో చెప్పి పంపేదాన్ని. వాళ్ళకూ పని దొరికింది. వాళ్ళు నాకు మట్టి పంపారు.

మూడిళ్ళే అయ్యేసరికి నాకు కూర్చుని ఆలోచించే తీరిక దొరికింది. పెళ్ళికూతుళ్ళను పిలిపించుకుని, కుండ మీద ఏం కావాలని అడిగేదాన్ని. ఒకామె తాను కాలేజీకి పోయిన బస్సు వేయమంది. బస్సు గీస్తే చక్రాల మంచంలాగ వచ్చింది. ఆ పిల్ల దాన్ని చూసి పడీ పడీ నవ్వి, నెత్తిన పెట్టుకుని పోయింది. నెమళ్ళకన్నా అది నాకు నచ్చింది.

కొత్తవాళ్ళను కాదనడం అలవాటయింది. కష్టం ఎక్కడొచ్చిందంటే, మూడేళ్ళ కిందటి పెళ్ళిలో కుండ పగిలిన ఆ పెళ్ళికూతురే ఫోను చేసింది. అప్పటికి ఆమెకు ఇద్దరు పిల్లలు. చెల్లెలి పెళ్ళి కుదిరిందట.

"పెద్దమ్మా, మా చెల్లెకు నీ కుండలే కావాలె."

ముహూర్తం ఏదో అడిగాను. గోడ వైపు చూశాను. గడి నిండి ఉంది. నా నాలుక కొసకు ఎన్ని మాటలు వచ్చాయో. ఈ ఒక్కసారికీ నాలుగు చేస్తే ఏమవుతుంది, ఈ పిల్లకు కాకపోతే ఇంకెవరికి చేస్తాను అనిపించింది.

"కాదు బిడ్డా. ఆ నాటికి మూడిండ్లయినయి," అన్నాను.

"అయితే నీకు ఆ నాడు పని లేదన్నట్టే గదా? ముందునాడే కుండలు పోతయి. పెండ్లికి రా మరి. ఊకెనే రా. కూసొని తిని పో," అంది.

"నేనా?"

"నువ్వే. నేను బండి తోలిస్త."

వెళ్ళాను. ఈసారి ఎవరూ నన్ను గుంజ దగ్గర ఆగమనలేదు. ఆ పిల్లే చెయ్యి పట్టుకుని పందిట్లోకి తీసుకుపోయి ముందు వరసలో కూర్చోబెట్టింది. మేనత్త కూడా ఉంది. నన్ను చూసి, కొంచెం జరిగి, జాగా ఇచ్చింది. కుండలు వేరేవాళ్ళవి. గీతలు సమంగా లేవు, నీలం మరీ ఎక్కువైంది, నా చేతులు ఊరుకోలేక ఒళ్ళో కదిలాయి. వాటిని కొంగులో చుట్టుకుని కూర్చున్నాను. పెళ్ళయ్యాక బంతిలో కూర్చుని తిన్నాను. పెరుగన్నం రెండోసారి కూడా వేయించుకున్నాను.